జేబు మీది గుర్తు

పొద్దున తొమ్మిదిన్నరకే అయనావరం ఉడికిపోతోంది.
నాన్న బొగ్గుల మీద విసనకర్ర ఊపుతుంటే
వీధి మలుపులో డప్పులు.
ముందు ఇద్దరు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు,
పసుపు ఎవరింట్లో ఉంది, సున్నం ఎవరింట్లో ఉంది అని.
పళ్ళెం ఒక్కటే, సరోజక్కది.
ఎర్రనీళ్ళు దిగదుడిచిన ప్రతి గుమ్మంలోనూ
అందులో ఒక మడత నోటు పడుతుంది.
వెనక సందులోంచి పళ్ళెం
ఆయనకంటే ముందే తర్వాతి గుమ్మం చేరుకుంటుంది.
ఆయన కనిపెట్టడు. కనిపెట్టినా నవ్వుతాడు.
ఈ నెలంతా ఆయన చేసే పని అదే.

జీపు దిగి నడిచొచ్చాడు.
మెడలో కండువా, కండువా నిండా చెమట,
చెమట తుడవడానికి వెనకాలే ఒక మనిషి.
జాబితా చూసి ఎవరో చెవిలో ఊదారు, తెలుగోళ్ళని.
"బాగుండారా ఎత్తిరాజులూ?" అన్నాడు.
అయిదేళ్ళకోసారి మా భాష ఆయన్ని
కొత్త చెప్పులా కరుస్తుంది.
నాన్న రెండు చేతులూ జోడించాడు.
నా చేతిలో నీళ్ళు చిలకరించే చెంబుంది.

ఆ నీళ్ళ సంగతే అడుగుదామనుకున్నాను.
లారీ రాని మంగళవారాలకి
కేలండరు మీద సున్నాలు చుట్టి పెట్టాను,
మూడు నెలల్లో తొమ్మిది.
నోరు తెరిచేలోపే ఫోటోల అబ్బాయి
"అన్నా, ఆ పెట్టె ఒకసారి పట్టుకోండి" అన్నాడు.

ఇస్త్రీపెట్టె ఏడు కిలోలు.
తాత పుదుపేట పాతసామాన్లలో ఏరి తెచ్చింది.
మా ఇంటి అరచేతులకి అరిగిన కొయ్యపిడి
వేరే చేతిని ఒప్పుకోదు.
ఆయన పట్టుకున్నాడు.
బల్ల మీద మూడో అంతస్తు సెల్వమణి సారు చొక్కా,
లేత నీలం,
కూతురి నిశ్చితార్థానికని కొన్నది.
"ఇటు చూడండన్నా." ఇటు చూశాడు.
"కొంచెం అటు." అటు చూశాడు.
"నవ్వండి."
నాన్న చెయ్యి సగం లేచి ఆగింది.
పెద్దమనుషుల చేతిలోంచి ఏదైనా లాక్కోవడం
ఆ చేతికి ఎవరూ నేర్పలేదు.

ముందు వాసన వచ్చింది.

డప్పులు పక్క వీధికి వెళ్ళిపోయాయి.
జేబు మీద పడవ ముక్కులాంటి మచ్చ,
అంచుల్లో గోధుమరంగు, నడుమ నలుపు.
సెల్వమణి సారు మంచివాడే, అరవలేదు.
పదిహేనొందలన్నాడు,
నెలకి మూడొందలు పట్టుకుంటానన్నాడు,
చొక్కా మాకే వదిలేశాడు.

మూడోరోజుకి ఫోటో గోడలెక్కింది.
మెరిసే పెట్టె, మెరిసే పళ్ళు,
కింద తమిళంలో 'మీ కష్టం నా చేతికి తెలుసు.'
ఆ మూల నాన్న మోచెయ్యి.
"ఇదిగో నేనే" అని వేలు పెట్టి చూపించి
మురిసిపోయాడు నాన్న.
అమ్మ ఆ రాత్రి ఆయనకి చారు పొయ్యలేదు.

పోలింగు రోజు అదే చొక్కా తొడుక్కున్నాడు.
వద్దంది అమ్మ.
ఉన్నవాటిలో కొత్తది ఇదేగా అన్నాడు,
నిజమే, మడత కూడా నలగలేదు.
కార్పొరేషన్ బడి గేటు దగ్గర
కానిస్టేబులమ్మ లాఠీ కొనతో జేబు పొడిచి చూపించింది.
"ఏం గుర్తయ్యా ఇది?
గుర్తులు లోపలికి తేకూడదని తెలీదూ?"
వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.
నాన్న తల వంచి చూసుకున్నాడు,
ఎవరో ఇప్పుడే అక్కడ అంటించి పోయినట్టు.
"పార్టీది కాదమ్మా," అన్నాడు,
"ఆయన మా గుమ్మానికి వచ్చిన గుర్తు."

ఆమె లాఠీ పక్కకి తీసింది.
ఎవరికి వేశావని నేనడగలేదు, ఆయన చెప్పలేదు.
బయటికొచ్చి వేలి సిరా ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటూ
తొందరగా నడవమన్నాడు.
బొగ్గులు అంటించి వచ్చాడట.